ఫోటో వెనక పెన్సిలు రాత

ఇంటికొచ్చిన చుట్టాల చేతికి మంచినీళ్ళ గ్లాసు తర్వాత మనం అందించేది పెళ్ళి ఆల్బం. ఇప్పుడు ఆల్బం బదులు సెల్‌ఫోను అందిస్తున్నాంగానీ తంతు మాత్రం అదే. చూసేవాళ్ళూ పాపం మర్యాదస్తులు. పెళ్ళికూతురి కళ్ళు మూసుకుపోయినా "బావుందండీ" అంటారు. పెళ్ళికొడుకు మేనత్త అంతా తెగిపోయి గాజుల చెయ్యి ఒక్కటే మిగిలినా "ఎంత బావుందో!" అంటారు. నేనూ అన్నాను, మీరూ అనే వుంటారు. అనకపోతే మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కగలమా?

ఈ మర్యాదను గాలికొదిలేసి, తను కష్టపడి తీసిన ఫోటోని ఎదుటివాడి చేతిలో పెట్టి "ఇందులో తప్పేవిటో చెప్పు" అని అడిగే మనుషులు కూడా లోకంలో వున్నారు. ఫోటోలు తియ్యడం వాళ్ళ బతుకుతెరువు కాదు. ఉద్యోగం ఇంకోటేదో వుంటుంది. చేతి డబ్బు వదిలించుకుని, ఇంట్లో చివాట్లు తిని, ఫోటో తీసి, పైగా దానికి తిట్లు కూడా అడిగి పుచ్చుకుంటారు. అలాంటివాళ్ళని నేను మొట్టమొదట చూసింది మా మర్రిపాడులో, మా ఇంటి అరుగు మీదే.

నెల్లూరనగానే అందరికీ మొలగొలుకుల బియ్యం, పచ్చని మాగాణి కళ్ళముందు కదుల్తాయి. మా వేపు అలా వుండదు. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా బద్వేలు వెళ్ళే రోడ్డు మీద, ఇంకాసేపటికి వెలిగొండలు వస్తాయనగా మా మర్రిపాడు. ఎర్రనేల, మెట్ట పైర్లు. నీళ్ళకోసం బిందె పుచ్చుకుని నడవడం ఆడవాళ్ళకి కాళ్ళొచ్చిన దగ్గర్నుంచీ అలవాటు. ఈ బిందెల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మా బాబాయి బళ్ళో పంతులు. 1980ల చివర, నేను మూడో నాలుగో చదివే రోజుల్లో, ఆయన దగ్గర ఆగ్ఫా క్లిక్-త్రీ అనే నల్ల కెమేరా వుండేది. ఒక ఫిలిం చుట్ట వేస్తే పన్నెండు బొమ్మలు. ఆ పన్నెండూ అవగొట్టడానికి ఆయనకి రెండు మూడు నెలలు పట్టేది. ఒక్కో బొమ్మకి ముందు అంత ఆలోచించేవాడు! చుట్ట అయిపోగానే బస్సెక్కి నెల్లూరు పోయి కడిగించుకొచ్చేవాడు. ఆయన స్నేహితులు ముగ్గురు. ఆత్మకూరు తపాలాఫీసులో గుమాస్తా, ఉదయగిరిలో డ్రాయింగు మేష్టారు, మా వూరి కాంపౌండరు. నెలకో ఆదివారం మా అరుగు మీద కూడేవారు. చాప మీద ఫోటోలు బోర్లించి పరిచేవారు. ఒక్కోటే తిప్పి చేతులు మార్చుకునేవారు. తీసినవాడు మాత్రం మిగతా ముగ్గురూ చెప్పేదాకా నోరు విప్పకూడదు, అదీ నియమం. చెప్పింది ఫోటో వెనక మెత్తటి పెన్సిలుతో రాయాలి. సిరా అయితే ఇవతలికి దిగుతుందని పెన్సిలు. కింద పదికి ఇన్ని మార్కులని వెయ్యాలి.

ఒకసారి బాబాయి ఉదయగిరి కోట తీసుకొచ్చాడు. శ్రీకృష్ణదేవరాయలు ఏడాది పైగా చుట్టుముట్టి 1514లో పట్టుకున్న కోట అది. రాయలంతటివాడు అంతకాలం కాచుక్కూచున్న కొండని మా బాబాయి సెకనులో ముప్పయ్యోవంతులో పట్టేశాడని కాంపౌండరు వేళాకోళం చేశాడు. డ్రాయింగు మేష్టారు మాత్రం నవ్వలేదు. "ఆకాశం సున్నం కొట్టినట్టుంది. మబ్బు తునకైనా లేదు. కొండ ఎక్కడ ఆగిందో తెలవడం లేదు" అని రాసి, పదికి అయిదు వేశాడు. ఆ రాత్రి బాబాయి సరిగా అన్నం తినలేదు.

ఈ సభ మా అరుగు మీద పుట్టిందనే చాలాకాలం అనుకున్నాను. ఓ నవల కోసం పాత చెన్నపట్నం సంగతులు తవ్వుతుంటే తెలిసింది, దీనికి నూటముప్పయ్యేళ్ళ ముందే పునాది పడిందని. 1839 ఆగస్టు 19న పారిస్‌లో ఫోటో తీసే విద్యని లోకానికి విప్పి చెప్పారు. ఏడాదీ ఏడాదిన్నరలో అది ఓడెక్కి మన దేశం చేరింది. లండన్‌లో ఫోటోగ్రాఫర్ల సంఘం పెట్టింది 1853లో. మరుసటేడే బొంబాయిలో ఒకటి. 1856లో కలకత్తాలో, మద్రాసులో. 1857 తిరుగుబాటు ఇంకా రానేలేదు, కెమేరా సంఘాలు మూడు వెలిశాయి! అప్పటి మన నెల్లూరు మద్రాసు రాజధానిలో జిల్లాయే కనక మద్రాసు సంఘం మనదే అనుకోవచ్చు.

ఆ సంఘాల్లో వున్నవాళ్ళల్లో చాలామంది ఫోటోలు అమ్ముకు బతికేవాళ్ళు కారు. సైన్యంలో అధికారులు, డాక్టర్లు, ఇంజనీర్లు, కలెక్టరీ దొరలు. మద్రాసు సంఘం వెనకున్న అలెగ్జాండర్ హంటర్ స్వయంగా డాక్టరు. 1850లో మద్రాసులో చిత్రకళ నేర్పే బడి పెట్టినవాడు ఆయనే. నెల తిరిగేసరికి సంఘం వాళ్ళు కూడేవారు. ఎవరి బొమ్మలు వారు తెచ్చి బల్ల మీద పరిచేవారు. ఈ ఎండకి మందు ఎంతసేపట్లో ఆరిపోతోంది, ఏ కాగితం మరకలు పడుతోంది, నీళ్ళల్లో ఉప్పెక్కువయితే ఏం చెయ్యాలి, ఇవీ వాళ్ళ కబుర్లు. బొంబాయివాళ్ళయితే ఏకంగా పత్రికే వేశారు. ఆ గొడవలు చదువుతుంటే, చెప్పొద్దూ, నాకు ఆవకాయ పెట్టే రోజుల్లో మనం అనుకునే మాటలే గుర్తొచ్చాయి. నూనె ఎంత, ఉప్పెంత, ఏడాది నిలవుంటుందా బూజు పడుతుందా అని.

లీనియస్ ట్రైప్ అనే ఆయన మద్రాసు సైన్యంలో అధికారి. 1854లో సెలవు పెట్టి, నీల్ అనే డాక్టరుని తోడు తీసుకుని, హళేబీడు, బేలూరు గుళ్ళు తియ్యడానికి బయల్దేరాడు. జీతం కోసం కాదు, సరదా. 1855లో మద్రాసులో పెద్ద ప్రదర్శన జరిగితే అందులో 68 ఫోటోలు పెట్టాడు. కాగితం మీద తీసిన దృశ్యాల్లో ఇవే మేలైనవని తీర్పరులు తేల్చారు. తోటివాళ్ళ ముందు ఆ పరీక్ష నెగ్గాకే, 1856లో, మద్రాసు ప్రభుత్వం ఆయన్ని తన సొంత ఫోటోగ్రాఫరుగా పెట్టుకుంది. మధుర, తంజావూరు, తిరుచిరాపల్లి అన్నీ తిరిగాడు. మా వేపు మాత్రం రాలేదు, మా అదృష్టం అంతే.

ఆయన కథలో నన్ను ఆపింది మబ్బులు. ఆ రోజుల్లో వాడే మందుకి నీలిరంగంటే మహా ఆకలి. ఆకాశంలో వున్న నీలమంతా మింగేసి తెల్లకాగితం మిగిల్చేది. ఎంత గొప్ప గోపురం తీసినా వెనక ఆకాశం సున్నం కొట్టినట్టే వచ్చేది. అవును, అచ్చం మా డ్రాయింగు మేష్టారు అన్నట్టే! అందుకని ట్రైప్ ఏం చేసేవాడంటే, కుంచె పుచ్చుకుని నెగటివు మీద తన చేత్తో మబ్బులు దిద్దేవాడు. ఆ మబ్బులు చూడముచ్చటగా వుంటాయి. మా బాబాయికి ఈ సంగతి తెలిసివుంటే ఆ పూట అన్నం తినేవాడు.

ట్రైప్ మనకి చేసిన ఉపకారం ఇంకోటుంది. వాల్టర్ ఇలియట్ అనే దొర మన గుంటూరు సీమలో ఉద్యోగం చేస్తూ 1845లో అమరావతి దిబ్బ తవ్వించాడు. ఫోటోలంటే ఇష్టమున్న మద్రాసు దొరల్లో ఆయనా ఒకడు. దిబ్బలో దొరికిన శిల్పాలు మద్రాసు చేరి ఎండకీ వానకీ పడివున్నాయి. 1858లో ట్రైప్ వాటిని వరసగా ఫోటోలు తీశాడు. మరుసటి సంవత్సరమే 121 పలకలు ఓడెక్కి లండన్ వెళ్ళిపోయాయి. అవి మన గడ్డ మీద వున్నప్పుడు ఎలా వున్నాయో చెప్పడానికి మనకి మిగిలిన సాక్ష్యాల్లో ఆ ఫోటోలూ ఒకటి. 1859లో కొత్త గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యాన్ ఇదంతా దండగ ఖర్చని ట్రైప్ పని కట్టిపెట్టించాడు. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు పెద్దల కన్ను ముందు ఇలాంటి వాటి మీదే పడుతుంది కాబోలు.

ఇంతకీ మర్రిపాడు అరుగుకి వద్దాం. ఆ అరుగు మీద సభ జరుగుతుంటే మా అమ్మ మజ్జిగ గ్లాసులు అందించి, తలుపు వెనక గడప లోపల నిలబడి చూసేది. అమ్మ చదివింది అయిదో తరగతి. ఒక ఆదివారం బాబాయి తెచ్చిన ఫోటోకి ముగ్గురూ మురిసిపోయారు. సాయంకాలం, ఒక పక్క తాటిచెట్టు, చెరువు కట్ట మీద ముగ్గురు ఆడవాళ్ళు నడుముల మీద బిందెలతో వరసగా నడుస్తున్నారు. నీడ బొమ్మలా వుంది. డ్రాయింగు మేష్టారంతటివాడు తొమ్మిది వేశాడు! ఆ సంతోషంలో బాబాయి ఫోటోని గడపలోపలికి చాపి, "చూడు వదినా" అన్నాడు.

అమ్మ కాసేపు చూసింది. "ఒట్టి బిందెలు గదా ఇయ్యి" అంది.

"నీకెట్ట తెలుసు వదినా?"

"తెలవకపోవడమేంది? నిండు బిందె ఈ పక్కనుంటే ఒళ్ళు ఆ పక్కకి ఒరగాల. రెండో చెయ్యి దూరంగా పోవాల. కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకి చుట్టుకోవాల. వీళ్ళు నీళ్ళకి పోయొచ్చినట్టు లేరు, పేరంటానికి పోతా వుండారు."

బాబాయి మొహం చూడాలి! పొద్దు గూకిపోతుందని, నీళ్ళు ముంచుకునేదాకా ఆగలేక, ఒట్టి బిందెలతోనే నడిపించానని ఒప్పుకున్నాడు. కాంపౌండరు నవ్వబోయి ఆగిపోయాడు. డ్రాయింగు మేష్టారు ఫోటో మళ్ళీ తీసుకుని చాలాసేపు చూశాడు. "నిజమేనమ్మా. బొమ్మలు గీసే నాకు తట్టలేదు" అన్నాడు. వెనక్కి తిప్పి, తను వేసిన తొమ్మిది కొట్టేసి అయిదు వేశాడు. కింద తనే రాశాడు: "బిందెలు ఖాళీ - వదినగారు."

ఆ రోజు నుంచీ ప్రతి ఫోటో గడపలోపలికి కూడా వెళ్ళేది. అమ్మ ఇవతలికి మాత్రం రాలేదు. రమ్మని వాళ్ళూ అనలేదు, వస్తానని తనూ అనలేదు. అప్పట్లో అది నాకు వింతగా తోచలేదు. ఇప్పుడు తోస్తుంది. బొమ్మ బాగోగులు చెప్పడానికి కళ్ళుంటే సరిపోదు, చాప మీద చోటు కూడా వుండాలి గదా! ఆ పాత సంఘాల చరిత్రలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఈ చోటు సంగతే.

కలకత్తా సంఘంలో రాజేంద్రలాల్ మిత్ర వుండేవారు. మహా పండితుడు. సంఘానికి కోశాధికారి. 1857 ఏప్రిల్‌లో కలకత్తా టౌన్‌హాల్లో జరిగిన సభలో ఆయన నీలిమందు తోటల తెల్లదొరల దౌర్జన్యాలని నిలదీస్తూ మాట్లాడారు. అంతే, ఫోటోల సంఘం నుంచి ఆయన్ని వెళ్ళగొట్టారు. బొమ్మల మీద విమర్శ దొరలకి ఎంత ముద్దో చూశారా, తమ మీద విమర్శ మాత్రం గొంతు దిగలేదు.

ఇక ఆడవాళ్ళ సంగతి. జూలియా మార్గరెట్ కామెరాన్ పేరు మీలో కొందరైనా వినే వుంటారు. 1815లో మన కలకత్తాలోనే పుట్టింది. పిల్లల్ని పెంచి, పెళ్ళిళ్ళు చేసి, ఇంగ్లండులో ఇల్లు చక్కబెట్టుకుంటున్న ఆవిడకి నలభయ్యెనిమిదో ఏట కూతురూ అల్లుడూ ఓ కెమేరా బహుమతిగా ఇచ్చారు. అమ్మకి పొద్దుపోతుందని! నలభయ్యెనిమిదేళ్ళకి ఏం నేర్చుకుంటాంలే అనుకునేవాళ్ళు (వాళ్ళలో నేనూ వున్నాను) ఇది రెండుసార్లు చదువుకోండి. ఆవిడ బొగ్గులు పోసుకునే గదిని చీకటిగదిగా మార్చుకుంది. కోళ్ళ గూటిని ఖాళీ చేసి స్టూడియో చేసుకుంది. కోళ్ళ సంగతి ఏమయిందో మరి! ఇంట్లో పనిచేసే మేరీ హిల్లియర్ అనే అమ్మాయిని కూచోబెట్టి మేరీమాతగా ఫోటోలు తీసింది. 1864లో లండన్ సంఘంలో చేరి బొమ్మలు ప్రదర్శనకి పెట్టింది. మగ విమర్శకులు విరుచుకుపడ్డారు. బొమ్మ అలుక్కుపోయిందన్నారు, గాజుపలక మీద వేలిముద్రలన్నారు, మరకలన్నారు. పని రాని మనిషన్నారు. ఆవిడ మాత్రం ఆ మసకని వదల్లేదు, అది తను కావాలని పెట్టిందే. ఇవాళ ఆ మసక మొహాల కోసమే జనం మ్యూజియంలకి వెళ్తున్నారు.

మన దేశంలో త్రిపుర మహారాజు బీర్‌చంద్ర మాణిక్యకి ఫోటోల పిచ్చి. రాణి మనమోహిని కూడా ఆయనతోపాటు నేర్చుకుంది. అగర్తలా రాజభవనంలో కెమేరా క్లబ్బు పెట్టి, 1890 ప్రాంతంలో బొమ్మల ప్రదర్శనలు కూడా జరిపారు. రాణీవాసం నుంచే ఫోటోగ్రాఫరు బయల్దేరిందన్నమాట. అదేకాలంలో మన హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లో ఆడవాళ్ళకోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచారు. మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయురాలు దాన్ని చూసుకునేది. ఎత్తయిన గోడల వెనక పరదా స్త్రీలు నిర్భయంగా ఫోటోలు తీయించుకోవచ్చు. దీన్‌దయాళ్ కూడా ఇండోరులో సర్కారు కొలువు చేస్తూ సరదాకి కెమేరా పట్టినవారే, నిజాము దగ్గరకి రావడం తర్వాతి మాట. ఆయన స్టూడియో మంచిదే. అయినా నా మనసు అగర్తలా రాణి వేపే మొగ్గుతుంది. ఫోటోలో కూచోడం వేరు, ఫోటో తీసి నలుగురి ముందు పెట్టడం వేరు.

అన్నిటికన్నా నాకు నచ్చిన కథ ఇద్దరు కవలపిల్లలది. దేబలీన, మనోబీన అని 1919లో పుట్టిన బెంగాలీ అక్కచెల్లెళ్ళు. కాశీకి గంగ అవతలి ఒడ్డున వున్న రామనగరంలో పెరిగారు. తండ్రికి ఫోటోలంటే ప్రాణం. కూతుళ్ళిద్దరికీ పన్నెండో ఏట చెరో కెమేరా కొనిపెట్టి, తియ్యడమూ కడగడమూ అచ్చువెయ్యడమూ అన్నీ ఇంట్లోనే నేర్పాడు. ఆ కాలంలో ఆడపిల్లలు ఊళ్ళు తిరిగి సభల్లో కూచోవడం ఎక్కడ కుదురుతుంది? వాళ్ళకి దారి చూపించింది తపాలా బండి! యునైటెడ్ ప్రావిన్సెస్ పోస్టల్ పోర్ట్‌ఫోలియో సర్కిల్ అని ఒక బృందం వుండేది. అందులో ఇద్దరూ సభ్యులు.

ఇలాంటి బృందాలు నడిచే తీరు మా చీట్ల పాటకన్నా ముచ్చటగా వుంటుంది. ఒక కట్ట ఫోటోలు, వాటితో అభిప్రాయాలు రాసే కాగితాలు పోస్టులో బయల్దేరతాయి. కట్ట ఎవరింటికొస్తే వాళ్ళు మిగతావాళ్ళ బొమ్మలన్నీ చూసి, తోచింది రాసి, తర్వాతి సభ్యుడికి పంపాలి. తిరిగి తిరిగి మళ్ళీ మనింటికి వచ్చేసరికి మన బొమ్మకి అందరి అక్షింతలూ పడివుంటాయి. అది తీసి దాచుకుని, కొత్త బొమ్మ పెట్టి మళ్ళీ సాగనంపాలి. చూశారా, ఇందులో చాప లేదు, గడప లేదు. పన్నెండేళ్ళ వాడు రాసినా పెద్దజడ్జీ రాసినా పెన్సిలు పెన్సిలే. పరదా చాటున వున్న పిల్ల, బారిస్టరు గారి ఫోటోలో ఆకాశం బాగోలేదని రాయొచ్చు. ఆయన కోపం తెచ్చుకున్నా ఏం చేస్తాడు, మళ్ళీ పోస్టు ఖర్చు పెట్టుకోవాల్సిందే గదా!

అన్నట్టు మనోబీన తర్వాత సినిమా దర్శకుడు బిమల్ రాయ్‌ని పెళ్ళాడింది. 'దో బీఘా జమీన్' తీసిన ఆయనే. పెళ్ళిళ్ళయ్యాక కూడా అక్కచెల్లెళ్ళిద్దరూ కెమేరా వదల్లేదు. బజార్లు, పిల్లలు, లండన్ వీధులు, ఇంటికొచ్చిన పెద్దమనుషులు, ఏదొస్తే అది తీశారు. మనోబీన 2001లోనూ దేబలీన 2012లోనూ పోయారు. ఉద్యోగం కోసం ఏనాడూ తీయలేదు కనక పేపర్లవాళ్ళకి వీళ్ళ పేర్లు పెద్దగా తెలియలేదు. వీళ్ళ కాలం మనిషే హోమాయ్ వ్యారవాలా (1913-2012), మన దేశంలో మొదటి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫరు. ఆవిడ తీసిన మొదటి ఫోటోలు అచ్చయింది భర్త పేరు మీద. ఇంక సరదాకి తీసేవాళ్ళ మాట చెప్పాలా?

స్వతంత్రం వచ్చాక 1953లో బెంగుళూరు డాక్టర్ జి. థామస్ చొరవతో ఫోటో క్లబ్బులన్నీ కలిసి ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫోటోగ్రఫీ అయ్యాయి. ఊరూరా సలాన్‌లు మొదలయ్యాయి. సలాన్ అంటే జుట్టు కత్తిరించే చోటు కాదండోయ్, ఫోటోల పోటీ ప్రదర్శన. హైదరాబాదులో బండి రాజన్‌బాబు (1939-2011) వంటివారు ఆ దారిలోనే దేశదేశాల మెప్పు పొంది, తర్వాత ఎందరికో ఈ విద్య నేర్పారు. సలాన్‌కి వెళ్ళిన ఫోటో వెనక చీటీలు అంటించుకుని తిరిగొస్తుంది, తీర్థయాత్ర చేసొచ్చినవాళ్ళ నుదుటి బొట్టులాగా. మంచిదే. కాని నాకొక అసంతృప్తి. తీర్పరులు చీకట్లో కూచుని మార్కులు వేస్తారు, ఎంపికయిందో లేదో చెప్తారు. ఎందుకు అయింది, ఎందుకు కాలేదు అన్నది చాలాసార్లు చెప్పరు. ఫోటో వెనక చీటీ వుంటుంది, మాట వుండదు.

బాబాయి ఆ ఒట్టి బిందెల ఫోటోని ఏదో పోటీకి పంపాడు. ఎంపికయింది! యోగ్యతాపత్రం కూడా వచ్చింది. కాంపౌండరు మిఠాయి పంచమన్నాడు. బాబాయి ఆ పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అంతమంది పెద్దోళ్ళు చూసినారే, బిందెలు ఖాళీ అని ఒక్కడికీ తెలవలేదా!" అన్నాడు. దాన్ని గోడకి తగిలించనేలేదు.

మొన్న సంక్రాంతికి మర్రిపాడు వెళ్ళినప్పుడు బాబాయి ట్రంకుపెట్టె తీశాం. ఆయన పోయి అయిదేళ్ళు. నాఫ్తలీన్ ఉండల వాసన మధ్య చిన్న చిన్న చదరపు ఫోటోలు, అన్నిటి వెనకా పెన్సిలు రాతలు. ఉదయగిరి కోట వుంది. బిందెలు వున్నాయి. అడుగున నేనెప్పుడూ చూడని ఫోటో ఒకటి దొరికింది.

అది ఇంటి లోపల్నుంచి తీసింది. ముందు గడప, దానవతల అరుగు. నలుగురు మగాళ్ళు ఒక ఫోటో మీదికి వంగి వున్నారు. ఒక్కరూ కెమేరా వేపు చూడటం లేదు. తపాలా గుమాస్తా తల సగం తెగింది. డ్రాయింగు మేష్టారి కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. మజ్జిగ గ్లాసు ఒకటి పక్కకి పడి వుంది, ఎవరూ గమనించలేదు. అలా ఒకరి భుజం మీంచి ఒకరు చూస్తూ, మైమరిచి వున్న ఆ నలుగుర్ని ఇంకెవరు తియ్యగలరు? చుట్టలో పన్నెండోది మిగిలిపోతే "నువ్వు తియ్యి వదినా" అని బాబాయి కెమేరా చేతిలో పెట్టాడని, ఎక్కడ నొక్కాలో కూడా చూపించలేదని, పక్కనే వున్న అమ్మ చెప్పింది. అమ్మ జీవితంలో తీసిన ఫోటో ఇదొక్కటే.

వెనక్కి తిప్పాను. "నా తల ఏది?" - తపాలా గుమాస్తా. "వెలుతురు చాలదు" - కాంపౌండరు. బాబాయి ఏమీ రాయలేదు. డ్రాయింగు మేష్టారి గుండ్రని అక్షరాలు: "గడప ఏటవాలుగా వచ్చినది. కెమేరా సమంగా పట్టుకొనవలెను. 4/10."

దాని కింద, బళ్ళో నేర్చిన నాటి పెద్ద పెద్ద అక్షరాల్లో, అమ్మ రాత: "గడప వంకరే. ఇల్లు చూసి చెప్పండి."

నాలుగు కొట్టేసి వుంది. పక్కన ఏడు.